రాత్రి రెండింటి అలారం, పచ్చి కార్న్‌ఫ్లోర్: మూడున్నరేళ్ల వాడకం తర్వాత

గోబీ మంచూరియాకి కలిపే పిండికి సమీక్షేంటని నవ్వకండి, మా వాడికి అదే మందు. వాడిది గ్లైకోజెన్ స్టోరేజ్ డిసీజ్, 1ఎ రకం. కాలేయంలో గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ బోలెడంత ఉంటుంది కానీ దాన్ని గ్లూకోజ్‌గా మార్చి రక్తంలోకి వదిలే ఎంజైమ్ పనిచేయదు. కడుపు ఖాళీ అయితే చాలు, షుగర్ పడిపోతుంది. ఏడాది నిండేదాకా రాత్రంతా ముక్కు గొట్టంతోనే ఫార్ములా పట్టాం. 13వ నెలలో డాక్టరుగారు కార్న్‌ఫ్లోర్ మొదలుపెట్టించారు.

దాన్ని పచ్చిగానే తాగించాలి. చల్లటి నీళ్లలో కలిపితే పేగుల్లో మెల్లగా అరుగుతూ గంటల తరబడి గ్లూకోజ్ ఇస్తుంది. ఉడికిందా, గబగబా అరిగిపోతుంది. ఒకసారి మా అత్తయ్య "పసివాడికి పచ్చిపిండేంటే" అని జాలిపడి జావ కాచి పట్టారు. రెండు గంటలకే వాడికి ఒళ్లంతా చెమట, ఊరికే ఏడుపు. గ్లూకోమీటర్‌లో 48. గ్లూకోజ్ నీళ్లు పట్టి, పావుగంటకు మళ్లీ చూస్తే 82. అప్పట్నుంచి వంటింట్లో ఆ డబ్బాకి కాపలా ఆవిడే.

కొనేటప్పుడు తెల్లటి కార్న్‌ఫ్లోర్ అని గట్టిగా అడగండి. మా కొట్టువాడు ఓసారి రొట్టెల మొక్కజొన్న పిండి కట్టిచ్చాడు, అది వేరు. చెంచా కొలత నమ్మొద్దు, డిజిటల్ త్రాసు కొనుక్కోండి. మావాడికి ఇప్పుడు 4 గంటలకోసారి 26 గ్రాములు. ఇది వాడి బరువుకి డాక్టరు చెప్పిన లెక్క, మీ పిల్లలకి పనికిరాదు. బ్రాండు మార్చినప్పుడు మాకు షుగర్ అరగంట ముందే తగ్గింది, అందుకే కొత్త ప్యాకెట్‌కి రెండ్రోజులు ఎక్కువసార్లు సూది గుచ్చి షుగర్ చూడక తప్పదు.

ఇబ్బందులా? రుచి సుద్దముక్కే. పంచదార, తేనె, పళ్లరసం కలపకూడదు, ఈ జబ్బుకి అవి పడవు. కడుపుబ్బరం, గ్యాస్ ఉంటాయి. అన్నం దగ్గర ఆకలి ఉండదు. పిండి అడుక్కి దిగిపోతుంది కాబట్టి ఆఖరి గుక్క దాకా తిప్పుతూనే ఉండాలి. స్కూల్లో ఆయమ్మకి ఈ ఒక్కటి నేర్పడానికే నెల పట్టింది.

అన్నిటికంటే టెన్షన్ రాత్రి 2 గంటల డోసుది. పోయిన వేసవిలో అలారం వినపడక ఇద్దరం నిద్రపోయాం. నాలుగింటికి లేచి చూస్తే 39, వాడు పిలిస్తే కళ్లు తెరవలేదు. ఆ పూట ఆసుపత్రిలో డ్రిప్ ఎక్కించారు. ఇప్పుడు రెండు ఫోన్లు, రెండు గదుల్లో. వచ్చే నెల బరువు చూసి డోసు మారుస్తారట. ఈలోగా త్రాసుకి బ్యాటరీలు తేవాలి.