ఘట్‌కేసర్‌లో ఇల్లు: ఏళ్ళ తరబడి ఉండి చూశాక

హైదరాబాద్ తూర్పు శివారు ఘట్‌కేసర్‌లో ఇల్లు కొనచ్చా అని ఎవరడిగినా ముందు తేలాల్సింది ఉద్యోగం ఎక్కడన్నది. సికింద్రాబాద్, తార్నాక, ఉప్పల్, నాచారం, చర్లపల్లి, పోచారం ఇన్ఫోసిస్ అయితే ఈ ఊరు హాయిగా సరిపోతుంది. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ అయితే మాత్రం రేటు ఎంత తక్కువున్నా వద్దనే చెప్తాం. ఔటర్ రింగ్ రోడ్డు ఎగ్జిట్ 9 పక్కనే ఉందని బ్రోషర్లలో పెద్ద అక్షరాలతో వేస్తారు, నిజమే. కానీ రింగు మొత్తం 158 కిలోమీటర్లు, ఘట్‌కేసర్ తూర్పు కొస, గచ్చిబౌలి పడమటి కొస. శామీర్‌పేట వైపు తిరిగినా శంషాబాద్ వైపు తిరిగినా దాదాపు సగం రింగు చుట్టాలి. టోలు, డీజిల్ లెక్కేస్తే సిటీలో కట్టాల్సిన అద్దె మిగిలిందన్న సంతోషం నెల తిరక్కుండానే పోతుంది.

వరంగల్ హైవే మీద సిటీకి వెళ్ళడం ఈ ఊరి అసలు పరీక్ష. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ పని 2018లో మొదలై ఏళ్ళకేళ్ళు సాగింది. బోడుప్పల్, మేడిపల్లి దగ్గర పిల్లర్ల పక్క రోడ్డులో వానాకాలం టూవీలర్ నడపడం నరకం. ఘట్‌కేసర్ నుంచి నారపల్లి దాకా సాఫీగా వచ్చేస్తాం, అసలు కష్టం ఆ తర్వాతే. అందుకే ఇల్లు చూడటానికి ఆదివారం మధ్యాహ్నం రావద్దు. సోమవారం ఉదయం ఎనిమిదికి ఆ ఇంటి గేటు దగ్గర బయల్దేరి మీ ఆఫీసు దాకా వెళ్ళండి, సాయంత్రం ఆరున్నరకు తిరిగి రండి. అన్నోజిగూడ, యంనంపేట, వెంకటాపూర్ ప్రాంతాల్లో ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్నాయి కాబట్టి పొద్దున ఆ బస్సుల వరస కూడా లెక్కలోకి రావాలి. సెలవుల్లో ఇదే రోడ్డు వేరే రోడ్డులా ఉంటుంది.

సిటీ లోకల్ రైలు ఎంఎంటీఎస్ రెండో దశలో లింగంపల్లి–ఘట్‌కేసర్ రైలు 2024 మార్చి 5న మొదలైంది. ఛార్జీ చాలా తక్కువ, నెల పాస్ ఇంకా చవక. అయితే రైళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే. స్టేషన్ దగ్గరుందని పది లక్షలు ఎక్కువ పెట్టే ముందు మీ డ్యూటీ టైముకు పోయే బండి, తిరిగొచ్చే బండి రెండూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఒకటే ఉంటే స్టేషన్ ఉన్నా సగమే పనికొచ్చినట్టు. కాజీపేట వైపు నుంచి వచ్చే ప్యాసింజర్లు ఆదుకుంటాయి, కానీ వాటి టైము నమ్ముకుని బయోమెట్రిక్ పంచ్ చేయలేం. చర్లపల్లి టెర్మినల్ 2025 జనవరిలో తెరిచాక దూర ప్రయాణాలకు సికింద్రాబాద్ దాకా పోయే అవసరం తగ్గింది, ఇది మాత్రం పెద్ద లాభం. ఆర్టీసీలో 280 నంబరు బస్సే ప్రాణం. ఉప్పల్‌లో దిగి మెట్రో ఎక్కితే రాయదుర్గం దాకా ఒకటే లైను. రోజూ కాకుండా వారానికి రెండు మూడు రోజులే ఆఫీసుకు పోయేవాళ్ళకు ఆ దారి పర్వాలేదు.

ఇక ఏ వైపు కొనాలన్నది. పోచారం, అన్నోజిగూడ వైపు అద్దెలు బాగా వస్తాయి, హాస్టళ్ళు, పీజీలు ఎక్కువ. సొంతానికి ఉండాలనుకుంటే పక్కిల్లు పీజీనా, అవబోతోందా అని అడగండి. నలుగురు ఉండాల్సిన ఇంట్లో నలభై మంది ఉంటే బోరు, డ్రైనేజీ, బండ్ల పార్కింగ్ అన్నీ మీ గోడ దాకా వస్తాయి. పాత ఊర్లో మార్కెట్, బ్యాంకు, స్కూలు అన్నీ నడిచి పోయే దూరం, సందులు మాత్రం ఇరుకు. అవుషాపూర్, అంకుషాపూర్ వైపు ప్లాట్లు విశాలంగా, చవగ్గా దొరుకుతాయి కానీ ప్రతి చిన్న పనికీ బండి తీయాలి. ఏదులాబాద్ వైపు పోయేవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: అక్కడి చెరువుకు మూసీ నీళ్ళు వస్తాయి. ఆ చుట్టుపక్కల బోరు నీళ్ళు ల్యాబ్‌లో పరీక్ష చేయించకుండా బయానా ఇవ్వకూడదు.

రైలు పట్టాల పక్క ఇళ్ళు కొంచెం తక్కువకే వస్తాయి. గూడ్సు బళ్ళు రాత్రంతా నడిచే లైను ఇది, అలవాటు అవుతుందని చెప్తారు, అందరికీ కాదు. పైగా రైల్వే హద్దు నుంచి 30 మీటర్ల లోపు కట్టడానికి రైల్వే నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) కావాలి. కట్టేసిన ఇల్లయితే ఆ కాగితం చూపించమనాలి.

నీళ్ళ గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడ ఇల్లు అమ్ముకుని పోయినవాళ్ళలో ఎక్కువమంది నీళ్ళ వల్లే పోయారని మా అంచనా. నలుగురున్న ఇంటికి మనిషికి 135 లీటర్ల లెక్కన రోజుకు 540 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరు తొమ్మిది రోజులు. అంటే బోరు ఎండిన నెలలో మూడు నాలుగు ట్యాంకర్లు తప్పవు. సంపు 5,000 లీటర్ల కన్నా చిన్నదైతే ట్యాంకరు పూర్తిగా ఖాళీ కాదు, డబ్బులు మాత్రం పూర్తిగా కట్టాలి. వీధి ఇరుకైతే ట్యాంకరు లోపలికే రాదు. జలమండలి (సిటీ నీటి బోర్డు) పైపు వీధిలో వేసి ఉండటం వేరు, నీళ్ళు రావడం వేరు. అమ్మేవాళ్ళను క్యాన్ నంబరు (నీటి కనెక్షన్ ఖాతా నంబరు) అడగండి, పక్కింటివాళ్ళను ఎన్ని రోజులకోసారి, ఎంతసేపు వస్తాయో అడగండి. ఇల్లు చూడటానికి మంచి నెల ఏప్రిల్ లేదా మే. డిసెంబర్‌లో ప్రతి బోరూ పోస్తుంది.

బోరు ఎన్ని అడుగులని అందరూ అడుగుతారు, కేసింగ్ ఎంత దాకా దింపారని ఎవరూ అడగరు. ఇక్కడ కింద గట్టి రాయి, పైన మట్టి, మెత్తరాయి. కేసింగ్ పైపు గట్టి రాయిలో కూర్చోకపోతే పై పొరల మురికి నీరు బోరులోకి దిగుతుంది. ఆ మురికి ఎక్కడిదంటే సెప్టిక్ ట్యాంకుది. డ్రైనేజీ లైను లేని కాలనీల్లో ప్రతి ఇంటికీ ఒక సెప్టిక్ ట్యాంకు. బోరుకూ దానికీ మధ్య కనీసం 50 అడుగులు ఉండాలంటారు. 150 గజాల ప్లాటు అంటే 27 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు. మన ట్యాంకును వెనక మూలకు నెట్టినా పక్కింటిది మన బోరుకు పదడుగుల్లో ఉండొచ్చు. అందుకే నాలుగిళ్ళవాళ్ళు తమ తమ ట్యాంకులు ఎక్కడ తవ్వారో కనుక్కోవాలి. నీటి పరీక్షలో టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క) ఒక్కటే చూసి వదిలేయొద్దు: నైట్రేటు, కోలిఫాం (మురుగు క్రిములు) కూడా చేయించాలి. నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ నైట్రేటు పోదు, దానికి ఆర్‌ఓ ఫిల్టరు కావాలి. కఠినత్వం సంగతి ల్యాబ్ లేకుండానే తెలుస్తుంది. బాత్రూములో కుళాయి మూతి, షవరు రంధ్రాలు చూడండి, తెల్లగా పొలుసు కట్టి ఉంటే గీజర్ ఎలిమెంట్లు తరచూ మార్చుకోవడానికి సిద్ధపడాలి.

వాన నీళ్ళ కోసం అడగాల్సిన ప్రశ్న ఒకటే: 2020 అక్టోబర్‌లో ఈ వీధిలో నీళ్ళు ఎంత దాకా వచ్చాయి? ఆ నెల 13న ఈ మండలంలో ఒక్కరోజులో 30 సెంటీమీటర్లు దాటి కురిసింది. గోడల మీద మరక కొత్త సున్నం కింద దాగుతుంది, కిరాణా కొట్టాయన జ్ఞాపకం దాగదు. ఇంటి నేల రోడ్డు కన్నా కనీసం రెండడుగులు ఎత్తులో ఉండాలి. పాత సీసీ రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తే ఒక్కోసారి అర అడుగు పెరుగుతుంది, అప్పటిదాకా ఎత్తుగా ఉన్న గేటు పల్లమైపోతుంది. మా కాలనీలో వాకిట్లో మెట్టు కట్టుకున్న ఇళ్ళన్నీ ఇలా అయినవే.

చెరువు దగ్గరైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు వచ్చే హద్దు) మ్యాపు చూడకుండా అడుగు ముందుకేయొద్దు. 25 ఎకరాలకు పైబడిన చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటలకు 9 మీటర్లు బఫర్, అంటే కట్టకూడని జాగా. వేసవిలో ఎండిన కుంట మామూలు పొలంలా కనిపిస్తుంది. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఇది కాగితాల మీది నియమం కాదని అందరికీ తెలిసింది.

కాగితాల దగ్గర ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కులు రెండు. మొదటిది పాత గ్రామ పంచాయతీ లేఅవుట్లు. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ) ఆమోదం లేని ప్లాటుకు ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) దరఖాస్తు 2020లో చేశారా, ఫీజు కట్టారా, ప్రొసీడింగ్స్ (మంజూరు ఉత్తర్వు) వచ్చాయా — మూడూ వేరువేరు. దరఖాస్తు రసీదు చూపించి ఎల్‌ఆర్‌ఎస్ అయిపోయిందంటారు, కాలేదు. లేఅవుట్‌లో ఖాళీ జాగా వదలకపోతే ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ ఛార్జీ విడిగా పడుతుంది, అది ఎవరు కట్టాలో అగ్రిమెంటులో రాయించుకోవాలి. హెచ్‌ఎండీఏ లేఅవుటైనా, పనులు పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లు సంస్థకు మార్ట్‌గేజ్‌లో ఉంటాయి. మీకు చూపిస్తున్న నంబరు అందులో ఉందేమో లేఅవుట్ కాపీలో చూడాలి. రెండో చిక్కు పర్మిషన్. ఊరు మున్సిపాలిటీ కాకముందు తేదీ వేసిన పంచాయతీ పర్మిషన్ కాపీలు కొన్ని తిరుగుతుంటాయి. నాలుగు అంతస్తుల బిల్డింగుకు పంచాయతీ పర్మిషన్ చూపిస్తే అక్కడికక్కడే లేచి రావడం మంచిది. ఖాళీ ప్లాటులో చిన్న రేకుల గది వేసి ఇంటి నంబరు తీసుకుని, ఇల్లు అని రిజిస్టర్ చేసినవీ ఉన్నాయి. డాక్యుమెంటులో ఇల్లనీ, నేల మీద ప్లాటనీ ఉంటే ఎందుకో అడగాలి.

ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్టర్డ్ లావాదేవీల జాబితా) ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీయించాలి. ఇంటి నంబరుతో ఒకసారి, సర్వే నంబరు–ప్లాటు నంబరుతో ఒకసారి, రెండు విధాలా తీయండి. ఒకదాంట్లో కనిపించని లావాదేవీ రెండోదాంట్లో బయటపడుతుంది. లింక్ డాక్యుమెంట్లన్నీ వరసగా పెట్టి నాలుగు హద్దులూ పోల్చాలి. ఒక దాంట్లో తూర్పున ప్లాట్ 41, మరో దాంట్లో తూర్పున రోడ్డు అని ఉంటే ఆ మధ్యలో ఏదో జరిగింది. మధ్యలో జీపీఏ (అమ్మే అధికారం ఇంకొకరికి ఇచ్చిన పత్రం) ఉంటే, ఇచ్చినాయన అమ్మకం నాటికి బతికున్నాడా అని చూడాలి. రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల 22ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూడటం ఐదు నిమిషాల పని. ఇదంతా అయ్యాక టేపు పట్టుకుని ప్లాటు స్వయంగా కొలవండి. డాక్యుమెంటులో 167 గజాలంటే 30 బై 50 ఉండాలి. 28 బై 50 వస్తే చేతికొచ్చేది 155 గజాలే.

అమ్మకానికే కట్టిన ఇళ్ళలో కనిపించే లోపాలు దాదాపు ఒకే రకం. పునాది లోపల మట్టి పొరలు పొరలుగా తడిపి దిమ్మిస చేయకుండా ఒకేసారి నింపేస్తారు, రెండో వానాకాలానికి టైల్స్ దిగుతాయి. రూపాయి బిళ్ళతో ప్రతి టైలూ తట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే కింద ఖాళీ. బయటి గోడలు తొమ్మిది అంగుళాలు ఉండాల్సిన చోట నాలుగు అంగుళాలు కడతారు, కిటికీ దగ్గర మందం కొలిస్తే తేలిపోతుంది. నాలుగంగుళాల పడమటి గోడ మే నెలలో రాత్రి పదకొండు దాకా వేడి వదులుతూనే ఉంటుంది. డాబా మీద రెండు బకెట్ల నీళ్ళు పోసి ఎటు పోతాయో చూడండి, మధ్యలో నిలిస్తే వాలు సరిగా లేదు. ఏసీ, గీజర్ పాయింట్లకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు ఉందా, ఎర్తింగ్ గుంత నిజంగా తవ్వారా అని ఎలక్ట్రీషియన్‌ను తీసుకెళ్ళి చూపించండి. అతనికిచ్చే ఐదారు వందలు దండగ కావు.

అపార్ట్‌మెంట్ అయితే యూడీఎస్ (స్థలంలో ఒక్కో ఫ్లాటుకు వచ్చే వాటా) చూడాలి. 600 గజాల్లో 20 ఫ్లాట్లుంటే వాటాకు 30 గజాలు, డాక్యుమెంటులో అంతకు తగ్గితే లెక్క అడగండి. కట్టుబడిలో ఉన్నదానికి జీఎస్టీ మామూలుగా 5 శాతం, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్టీ లేదు. 500 చదరపు మీటర్లు లేదా 8 ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టుకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు తప్పనిసరి. ఆ ప్రాజెక్టులో రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు.

డబ్బు లెక్క 60 లక్షల ఇంటితో చూద్దాం. స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, కలిపి 7.5 శాతం, అంటే 4,50,000. ఈ ధరకు బ్యాంకు ఎక్కువలో ఎక్కువ 80 శాతం, 48 లక్షలు ఇస్తుంది. అంటే చేతిలో 16.5 లక్షలు ఉంటేనే రిజిస్ట్రేషన్ దాకా వెళ్ళగలరు. 50 లక్షలు, ఆపైన అయితే కొనేవాళ్ళే ధరలోంచి 1 శాతం టీడీఎస్ (ముందే మినహాయించే ఆదాయ పన్ను) పట్టుకుని కట్టాలి, ఇక్కడ 60,000. సగం నగదుగా ఇమ్మంటే ఒప్పుకోవద్దు. స్థిరాస్తి విషయంలో 20,000, ఆపైన నగదు తీసుకోవడమే చట్టానికి విరుద్ధం, పైగా మీ లోను కూడా కాగితం మీది ధరకే వస్తుంది. ఒకటి రెండు ప్రభుత్వ రంగ బ్యాంకులు లీగల్ ఒపీనియన్‌లో తిరస్కరించిన ఇంటికి ఏదో ప్రైవేట్ ఫైనాన్స్ ఇస్తానందని సంబరపడకండి. రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవాళ్ళకూ అదే బ్యాంకు అదే మాట చెప్తుంది.

రిజిస్ట్రేషన్ అయ్యాక మీ పేరు పడిందో లేదో మళ్ళీ ఒకసారి ఈసీ తీయండి. కరెంటు మీటరు, ఇంటి పన్ను, నీటి కనెక్షన్ మూడూ ఆ నెలలోనే మీ పేరుకు మార్చుకోండి. పాత బకాయిలు లేవన్న రసీదులు చివరి చెక్కు ఇచ్చేముందే తీసుకోవాలి, ఇచ్చేశాక అమ్మినవాళ్ళు ఫోను ఎత్తరు.