ముట్టుకుంటే మాయం: ‘ది మెజీషియన్స్ నెఫ్యూ’

నార్నియా అనే మాయాలోకం గురించిన పుస్తకాలు ఏడింటిలో పిల్లలకి ముందు ఏది ఇవ్వాలంటే 1950లో వచ్చిన అల్మారా కథే, అంటే ‘ది లయన్, ది విచ్ అండ్ ది వార్డ్‌రోబ్’ ఇమ్మంటాను, కానీ నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం సి.ఎస్. లూయిస్ 1955లో తెచ్చిన ఈ పుస్తకమే. కథాక్రమంలో ఇదే మొదటిది కదా అని దీంతో మొదలుపెట్టకండి. ఆ కథలోని అల్మారా ఎక్కడ్నుంచి వచ్చిందో, అందులో అడవి మధ్యలో కనిపించే దీపస్తంభం ఎందుకుందో తెలిసినప్పుడు కలిగే సంతోషం పోతుంది.

కథ లండన్‌లో మొదలవుతుంది. పక్కపక్క ఇళ్ల పిల్లలు డిగరీ, పాలీ. డిగరీ మేనమామకి మంత్రాల పిచ్చి, కానీ వేరే లోకాలకి తను వెళ్లే ధైర్యం లేదు, అందుకని పాలీ చేత పసుపు ఉంగరం ముట్టిస్తాడు. ముట్టుకుంటే మాయం. ఆ పిల్లని వెనక్కి తేవడానికి డిగరీ వెళ్లక తప్పదు.

వాళ్లు తేలే అడవి ఈ పుస్తకానికి ప్రాణం. గాలి లేదు, పిట్ట లేదు, ఎటు చూసినా చెట్లు, మధ్యమధ్యలో చిన్న నీటి మడుగులు, ఒక్కో మడుగు ఒక్కో లోకానికి దారి. కాసేపుంటే ఎందుకొచ్చామో కూడా మర్చిపోతాం. ఇద్దరూ హుషారుగా కొత్త మడుగులోకి దూకబోతుంటే పాలీ ఆపి, మనం వచ్చిన మడుగుకి గుర్తు పెట్టుకోవద్దా అంటుంది. అన్నీ ఒకేలా ఉన్నాయి మరి! డిగరీ గట్టు మీద గడ్డి చెక్కి గుర్తు పెడతాడు. రాక్షసులూ యుద్ధాలూ ఏమీ లేకుండా ఇంత టెన్షన్ పెట్టడం మామూలు విషయం కాదు.

తర్వాత చార్న్ అనే చచ్చిపోయిన నగరం. అక్కడ ఒక హాల్లో వరుసగా కూర్చున్న రాజులు, రాణులు, మొదటి మొహాల్లో మంచితనం, ముందుకు పోయేకొద్దీ క్రూరత్వం, ఆపైన నిరాశ. ఒక వంశం ఎలా పాడైపోయిందో మొహాలతోనే చెప్పేశాడు.

చివర్లో మేనమామని చెట్టనుకుని జంతువులు పాతిపెట్టే భాగం నాకు సాగదీసినట్టనిపించింది, పిల్లలు మాత్రం పడీపడీ నవ్వుతారు. బైబిల్ ఛాయలు స్పష్టంగానే ఉన్నాయి, కథకి అడ్డం రావు.

డిగరీ అమ్మకి బాగా జబ్బు. ఆమెని బాగు చేయగల పండు చేతికందినప్పుడు ఆ పిల్లాడు పడే నలుగుడు చదవడం కష్టం. లూయిస్‌కి తొమ్మిదేళ్లున్నప్పుడే, 1908లో, వాళ్లమ్మ పోయింది. మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే ఆ చివరి అధ్యాయాలు ముందు మీరు చదివి, తర్వాతే పిల్లలకి చదివి వినిపించండి. కొంటే పాలిన్ బేన్స్ బొమ్మలున్న ప్రతే కొనండి.