58 సీసీ చెట్ల కోత మిషన్‌కి (చైన్ సా) పవర్ పెంచే మార్పులు: ఏళ్ల తరబడి వాడాక ఏవి నిలిచాయి, ఏవి నిలవలేదు

దర్శి, పొదిలి వైపు జామాయిల్, సుబాబుల్ తోటల్లో ఎక్కువగా తిరిగేది 58 సీసీ చైనా రకం మిషనే. మెత్తని జామాయిల్‌కి అది ఉన్నదున్నట్టే సరిపోతుంది. ఎండిన చిల్లచెట్టు (సర్కారు తుమ్మ) మొద్దు మీద పెట్టినప్పుడే ఇంజను దిగిపోతుంది. అక్కడే అందరికీ పవర్ పెంచాలనే ఆలోచన వస్తుంది.

ఇంజను విప్పే ముందు బారు, అంటే చైను తిరిగే పట్టీ చూడండి. దీనికిచ్చే 22 అంగుళాల బారు ఈ ఇంజనుకి బరువు. 18 అంగుళాల బారుకి 0.325 అంగుళాల పిచ్ (లింకుల మధ్య దూరం), 72 లింకుల చైను వేస్తే సగం ఇబ్బంది అక్కడే తీరుతుంది. 4.8 మి.మీ. ఆకురాయితో 30 డిగ్రీల కోణంలో రాయాలి. పన్ను ముందున్న గుబ్బ పన్ను కంటే 0.65 మి.మీ. కిందికి ఉండాలి. చిల్లకి ఇంకా దించితే చైను కట్టెలో ఇరుక్కుంటుంది, క్లచ్ కాలుతుంది. నెల్లూరు తీరంలో సరుగుడు కోసేవాళ్లు మొదలు దగ్గర బెరడుకి పట్టిన ఇసుక గీకేసి మరీ కోయాలి, లేకపోతే రాసిన పదును రెండు మొద్దులకే పోతుంది.

ఇంజను మార్పుల్లో పెట్టిన ఖర్చుకి పూర్తిగా గిట్టేది సైలెన్సర్ ఒక్కటే. ఎగ్జాస్ట్ పోర్టు (సిలిండర్ నుంచి పొగ బయటికి పోయే దారి) వెడల్పు, ఎత్తు కొలవండి. సైలెన్సర్ బయటి రంధ్రాల మొత్తం వైశాల్యం పోర్టు వైశాల్యంలో 70 నుంచి 80 శాతం ఉంటే చాలు. పోర్టు 22 × 11 మి.మీ. అనుకుంటే 242 చదరపు మి.మీ. అసలు రంధ్రం 90 ఉంటే, 10 మి.మీ. రంధ్రం ఇంకొకటి వేస్తే దాదాపు 168, అంటే సుమారు 70 శాతం అవుతుంది. అక్కడితో ఆపాలి. రంధ్రం పెద్దదయ్యేకొద్దీ చప్పుడే పెరుగుతుంది, కోత పెరగదు. సైలెన్సర్ ఊడదీసి విడిగా పెట్టుకునే డ్రిల్ వేయండి, ఇనుప పొడి ఒక్క పలుకు పోర్టులోకి పోయినా పిస్టన్‌కి గీత పడుతుంది. కొత్త రంధ్రం ముందువైపుకే ఉండాలి, ఆయిల్ ట్యాంకు ప్లాస్టిక్ వైపు వద్దు. నిప్పురవ్వలాపే జాలీ తీయకండి, ఎండాకాలం ఎండుగడ్డిలో ఒక్క రవ్వ చాలు.

గాలి బాగా బయటికి పోతే లోపలికీ ఎక్కువ వస్తుంది, దానికి తగ్గ పెట్రోలు ఇవ్వకపోతే మిశ్రమం పల్చబడి పిస్టన్ పట్టేస్తుంది. మా చుట్టుపక్కల పాడైన మిషన్లలో ఎక్కువ భాగం సైలెన్సర్ కోసి కార్బొరేటర్ ముట్టుకోనివే. ముందు ఆయిల్ పాలు ఖాయం చేసుకోండి: లీటరు పెట్రోలుకి మంచి టూ-టీ ఆయిల్ 30 మి.లీ. తర్వాత ఆయిల్ పెంచితే ఆ మేరకు పెట్రోలు తగ్గి మిశ్రమం మళ్లీ పల్చబడుతుంది. ఆపైన కార్బొరేటర్ హెచ్ స్క్రూని (ఫుల్ రేస్‌లో పెట్రోలు సరిచేసేది) చుట్టులో ఎనిమిదో వంతు చొప్పున బయటికి తిప్పండి. ఖాళీగా ఫుల్ రేస్ ఇస్తే గరగరమని తడబడాలి, కట్టె మీద పెట్టగానే ఆ తడబాటు పోయి శుభ్రంగా లాగాలి. టాకోమీటరుంటే ఖాళీ వేగం నిమిషానికి 11,000 చుట్లు దాటనివ్వకండి.

రోహిణి కార్తె మధ్యాహ్నం సరిచేసిన కార్బొరేటర్ పుష్యమాసం తెల్లవారుజామున పనికిరాదు. చల్లగాలి చిక్కన, అదే సెట్టింగ్ అప్పుడు పల్చనవుతుంది. చలికాలం మొదట్లో మళ్లీ చూసుకోవాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలు కూడా మిశ్రమాన్ని పల్చన చేస్తుంది, పైగా కార్బొరేటర్‌లోని పల్చని పొర డయాఫ్రమ్‌ని బిగుసుకుపోయేలా చేస్తుంది. వారం పైగా పని లేకపోతే ట్యాంకు ఒంపి, ఆగిపోయేదాకా నడిపించి పెట్టండి.

సిలిండర్ కింది గాస్కెట్ తీసేసి కంప్రెషన్ పెంచడం రోజంతా కోసేవాళ్లకి నేను చెప్పను. చేసి తీరాలంటే ప్లగ్గు రంధ్రంలోంచి సీసం తీగని సిలిండర్ అంచుదాకా పెట్టి, ఇంజను చేత్తో తిప్పి, నలిగిన మందం నాలుగు పక్కలా కొలవండి, పిస్టన్‌కీ సిలిండర్ పైభాగానికీ మధ్య ఖాళీ అదే. ఎక్కడా 0.5 మి.మీ. కంటే తగ్గకూడదు. లాభం కొంచెం, వేడి చాలా ఎక్కువ, తాడు లాగేటప్పుడు చేయి గుంజుతుంది. ఫ్లైవీల్‌ని షాఫ్టుకి పట్టి ఉంచే తాళం (కీ) అరగదీసి ప్లగ్గు నిప్పు టైమింగ్ ముందుకి జరిపేదీ అంతే. మే నెల ఎండలో ఈ రెండూ కలిసిన ఇంజను నిలబడదు.

ఎయిర్ ఫిల్టర్ మూతకి బొక్కలు పెట్టడం మాత్రం శుద్ధ తప్పు. పిస్టన్ తీసి చూస్తే తెలుస్తుంది: గీతలు ఎగ్జాస్ట్ వైపుంటే పెట్రోలు గానీ ఆయిల్ గానీ చాలలేదు, కార్బొరేటర్ వైపుంటే దుమ్ము మింగింది.

రేస్ వదిలినా వేగం వెంటనే దిగకపోతే, మిషన్ పక్కకి వాల్చినప్పుడు ఐడిల్ మారితే, స్క్రూ ముట్టుకోకండి. క్రాంక్ సీలు గానీ కార్బొరేటర్ రబ్బరు గానీ గాలి పీలుస్తోంది, ముందు అది మార్చాలి. పెద్ద మొద్దు కోశాక అరనిమిషం ఐడిల్‌లో తిరగనిచ్చి ఆపండి. సైలెన్సర్ బోల్టులు వేడికి వదులవుతాయి, రోజూ పని మొదలుపెట్టే ముందు ఇంజను చల్లగా ఉన్నప్పుడే బిగించండి.