88వ కీర్తన: ఏళ్ళ తరబడి చదివాక నా రివ్యూ

బైబిల్లో కీర్తనలు 150 ఉన్నాయని, 23వది అందరికీ నోటికొచ్చని మళ్ళీ చెప్పక్కర్లేదు. నేను చెప్పేది 88 గురించి. క్యాలెండర్ల మీద వేసే వచనాల్లో ఇది నాకెప్పుడూ కనపడలేదు, నేను విన్న ప్రసంగాల్లో కూడా దీన్ని ఎవరూ ఎత్తుకోలేదు. కానీ నన్ను దేవుడి దగ్గర నిలబెట్టింది ఏది అని అడిగితే నేను ముందు చెప్పేది దీని పేరే.

నా గతం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. నాన్న తాగొచ్చి కొట్టేవాడు, ముందు అమ్మని, తర్వాత మమ్మల్ని. రాత్రి తలుపు గడియ చప్పుడైతే చాలు నిద్రలోనే ఒళ్ళు బిగుసుకుపోయేది. పెద్దయ్యాక ప్రభువుని తెలుసుకున్నాను, బాప్తిస్మం తీసుకున్నాను, సంఘంలో నన్ను సొంతమనిషిలా చూసుకున్నవాళ్ళు దొరికారు. అదంతా నిజం, ఆ రోజుల్లో నేను చెప్పిన సాక్ష్యంలో, అంటే దేవుడు నాకేం చేశాడో సంఘం ముందు చెప్పినదాంట్లో, ఒక్క మాట కూడా ఇప్పుడు వెనక్కి తీసుకోను. గడియ చప్పుడికి ఒళ్ళు బిగుసుకోవడం మాత్రం పోలేదు.

ఒకసారి ఒక కూడికలో సాక్ష్యం చెప్పమన్నారు, చెప్పాను, చివర్లో "ఇంకా రాత్రుళ్ళు భయమేస్తోంది, నాకోసం ప్రార్థన చెయ్యండి" అన్నాను. అంతే, నడిపిస్తున్న ఆయన మైకు తీసుకుని పౌలు రాసిన రెండో కొరింథీ ఉత్తరం 5:17 చదివి, పాతవి గతించెను అని వాక్యం చెప్తుంటే ఇంకా భయం అంటావేంటమ్మా, అది అవిశ్వాసం, మీ నాన్నని క్షమించేశానని ఇప్పుడే అందరి ముందూ చెప్పు అన్నారు. చెప్పించారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు, అప్పట్నుంచి ప్రార్థన చేద్దామని మోకరించినా మాట వచ్చేది కాదు. పరలోకమందున్న మా తండ్రీ అనే మొదటి మాట దగ్గరే గొంతు పట్టేసేది.

అప్పుడు కీర్తనలు వరసగా చదువుతున్నాను. చదివేవాళ్ళకి తెలుసు, మొర పెట్టే కీర్తనలకి ఒక పద్ధతి ఉంటుంది. 13 చూడండి, ఎన్నాళ్లవరకు ఎన్నాళ్లవరకు అని ఏడుపుతో మొదలై, ఆరు వచనాలు అయ్యేలోపే పాట పాడతాను అనే దగ్గరికి వచ్చేస్తుంది. 22 కూడా అంతే, నన్నేల విడనాడితివి అని మొదలై స్తుతిలోకి తిరుగుతుంది. నాకేమో ఆ మలుపు దగ్గరకొచ్చేసరికి మళ్ళీ అదే మైకు, అదే చప్పట్లు గుర్తొచ్చేవి. కీర్తనకారుడు కూడా నన్ను దాటిపోయినట్టు అనిపించేది.

88 తెరిచినప్పుడు కూడా ఆ మలుపు ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అనుకుంటూనే చదివాను. మొదటి వచనంలో దేవుణ్ణి రక్షణకర్త అని పిలిచాడు, సరే. ఆ తర్వాత అంతా గొయ్యి, చీకటి, నువ్వే నన్ను తోసేశావు, ఎందుకు ముఖం దాచుకున్నావు అనే అడుగుతున్నాడు. 15వ వచనానికి వచ్చేసరికి ఆగిపోయాను, అక్కడ ఆయన చిన్నప్పట్నుంచే బాధ పడుతున్నానని అంటాడు. చిన్నప్పట్నుంచి! ఆ మాట బైబిల్లో ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. ఇక మిగిలినవి మూడు వచనాలు, ఇప్పుడైనా తిరుగుతుందేమో అని చూస్తే, 18వ వచనంలో "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అయిపోయింది. కింద 89 అని కొత్త అంకె. పేజీ తిప్పి మళ్ళీ వెనక్కి వచ్చి చూశాను, ఏదైనా వదిలేశానా అని. లేదు, అంతే.

అప్పుడు ఏడ్చాను, చాలా కాలం తర్వాత దేవుడితో మాట్లాడాను. ఇందులో తండ్రీ అనే పిలుపు లేకపోవడం కూడా నాకు ఎంత సాయం చేసిందో, యెహోవా అని పిలిస్తే సరిపోయేది.

తర్వాత నిదానంగా చూస్తే ఇంకొకటి కనపడింది. దీని పైన కోరహు కుమారుల (గుడిలో పాటలు పాడే వంశం వాళ్ళ) కీర్తన, ప్రధానగాయకునికి అని ఉంటుంది, అంటే ఇది ఒక మనిషి గదిలో కూర్చుని గుట్టుగా ఏడ్చింది కాదు, సమాజంలో పాడటానికి ఇచ్చింది. ఇంత చీకటిని దేవుడి ప్రజలు కలిసి పాడుకున్నారంటే, భయమేస్తోంది అన్న మాట అవిశ్వాసం ఎలా అవుతుంది? ప్రభువే సిలువ మీద 22వ కీర్తన మాటతో కేక వేశాడు కదా. పాతవి గతించెను అని రాసిన పౌలు కూడా అదే ఉత్తరం 12వ అధ్యాయంలో తన శరీరంలో ముల్లులా బాధపెట్టేదాన్ని తీసెయ్యమని ప్రభువుని ముమ్మారు వేడుకున్నాననీ, అది పోలేదనీ, నా కృప నీకు చాలని ప్రభువు అన్నాడనీ రాశాడు. ఆ రెండూ ఒకే మనిషి ఒకే ఉత్తరంలో రాసినప్పుడు మనం ఒకటే చదివి మైకు కట్టేస్తే ఎలా.

ఇంత చెప్పాను కాబట్టి మిగతాది కూడా చెప్పాలి. ఇది రోజూ రాత్రి పడుకునే ముందు చదివేది కాదు. నాకు కొన్నాళ్ళు అదే అలవాటై, చదివాక ఆ చీకటి అలాగే మనసులో ఉండిపోయి నిద్ర ఇంకా చెడింది, ఇప్పుడు పొద్దున పూటే చదువుతాను, బాగా మనసు బరువెక్కినప్పుడు మాత్రమే. నిద్ర కుదురుకున్నది కౌన్సిలింగ్‌కి వెళ్ళాక, గడియ చప్పుడికి ఒళ్ళు ఎందుకు బిగుస్తుందో అక్కడ అర్థమైంది, అందుకు కూడా దేవుడికే వందనాలు చెప్తున్నాను. క్షమాపణ విషయంలో ఈ కీర్తన ఏమీ చెప్పదు, అది వేరే దారిలో, చాలా మెల్లగా వచ్చింది, అదీ పూర్తయిందని ఈ రోజుకీ అనలేను. తండ్రీ అని ఇప్పుడు పిలవగలుగుతున్నాను, అన్ని రోజులూ కాదు.

ఇంకొక్క సంగతి. నేను ఇది చదివేనాటికి ఆ ఇంట్లో లేను, నాకు దెబ్బలు తగిలే పరిస్థితి దాటిపోయింది, పక్కన ప్రార్థించేవాళ్ళు ఉన్నారు. ఇంకా కొట్టే మనిషి ఉన్న ఇంట్లోనే ఉంటున్న వాళ్ళకి ముందు కావాల్సింది కీర్తన కాదు, అక్కడి నుంచి బయటపడే దారి, ఓర్చుకోమని వచనం ఇచ్చి పంపెయ్యకండి. నాలాగా బయటపడ్డాక కూడా లోపల భయం మిగిలిన వాళ్ళకైతే తప్పకుండా ఇవ్వండి, కాకపోతే నేరుగా 88 కాకుండా 13తో మొదలుపెట్టి, 88 దగ్గరికి వచ్చిన రోజు మీరు కూడా పక్కనే కూర్చుని చివరిదాకా చదవండి, అయిపోయాక వెంటనే 89 ఎత్తుకోకుండా వాళ్ళు ఏమైనా మాట్లాడతారేమో చూడండి.