భైరవకోన శిల్పాలు, లాడ్జి దోపిడి

నల్లమల కొండల్లోని భైరవకోన గుహాలయాలు చూడదలచినవారు ముందు రాత్రి దగ్గరి పట్టణంలో బస చేయకండి. పాత ‘చందమామ’ పత్రికలు సేకరించే మేము ముగ్గురం ఏసీ గదికి 1,500 రూపాయలు ముందే కట్టినా, లాడ్జి మేనేజరు రాత్రి పదకొండింటికి తలుపు తట్టి, మూడో మనిషి ఉన్నాడని చెప్పి మరో 400 వసూలు చేశాడు. రసీదు పొద్దున ఇస్తానన్నవాడు పొద్దున కౌంటరు దగ్గరే లేడు. ఏసీ నుంచి వేడిగాలి వచ్చింది, దుప్పటి నిండా కూర మరకలు.

నిద్ర పట్టక వాదనకు దిగాము. శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టి నడిచే విక్రమార్కుణ్ణి మన కళ్లలో నిలిపిన చందమామ చిత్రకారుడు శంకర్‌కు మించినవారు లేరని ఒక మిత్రుడు, ‘శిథిలాలయం’, ‘రాతిరథం’ అనే చందమామ ధారావాహికలకు బొమ్మలు వేసిన మరో చిత్రకారుడు ‘చిత్రా’యే గొప్పవాడని నేను. మూడో మిత్రుడు మా ఇద్దరి మీదా విసుక్కుని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు రానూపోనూ ఆటోకు 900 అయింది, అది న్యాయమైన ధరే. ఒకే కొండను తొలిచి మలచిన ఎనిమిది శివాలయాలవి. ఏడు తూర్పుముఖంగా, ఒకటి ఉత్తరముఖంగా ఉన్నాయి. పల్లవ శైలి ఛాయలను బట్టి క్రీ.శ. ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటివంటారు. స్తంభాల అడుగున కూర్చున్న సింహాలను చూసి, ఇది మనుషుల పని కాదు, ఏదో మాయాశక్తిదేనన్నాడు శంకర్ అభిమాని. నేను ఒప్పుకోలేదు. నునుపు చేయని ఒక మూల గోడ మీద ఉలిదెబ్బలు ఏటవాలుగా, వరుసగా వేలికి తగులుతున్నాయి, ఆ గీతల్లో ఒక మనిషి మోచేతి ఊపు తెలుస్తోంది. ఆ ధారావాహికలు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు పత్రికలో పడకపోయినా కథలు ఆయన చేతివే కదా, ఈ గుహలూ పేరు చెక్కుకోని పనివారివేనన్నాను. అతను జవాబివ్వకుండా ఆ గీతలనే చాలాసేపు తడిమి చూశాడు.

తిరుగుదారిలో సి.ఎస్.పురం (చంద్రశేఖరపురం)లో ఒక చిన్న మెస్సులో 90 రూపాయలకు తిన్న పప్పు, గోంగూర, గడ్డపెరుగు భోజనంతో మూడోవాడి అలక కూడా తీరింది. వానల తర్వాత వెళితే గుహల దగ్గరి జలపాతం నిండుగా ఉంటుంది. కార్తీక పౌర్ణమి రద్దీలో మాత్రం శిల్పాలు నింపాదిగా చూడలేరు. నెల్లూరు నుంచైనా తెల్లవారుజామున కారులో బయలుదేరి రాత్రికి ఇల్లు చేరడమే మేలు.