50 ఎంఎం లెన్స్: ఆరేళ్లు వాడాక

50 ఎంఎం, ఎఫ్ 1.8 లెన్స్ (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది). పాప నర్సరీలో ఉన్నప్పుడు కొన్నాను, ఇప్పుడు చిన్నోడు కూడా బడికి పోతున్నాడు. నాది క్రాప్ సెన్సార్ కెమెరా, అంటే లోపల ఫొటో పడే పలక చిన్నది, దాని మీద ఇది 75-80 ఎంఎం లెన్స్ చూపించినంతే, అంటే ఇంకా తక్కువ మేర చూపిస్తుంది, ఈ ముక్క కొనేముందు ఎవరూ చెప్పలేదు. కర్నూలులో మా ఇల్లు రెండు గదులు. పాప నిలువెత్తు ఫొటోలో పట్టాలంటే నేను వంటింటి గడప దాటి వెనక్కి పోవాల్సిందే, అలా పోయి రెండుసార్లు నీళ్ల బిందె తన్నేశాను. ఇల్లు చిన్నదైతే 35 ఎంఎం తీసుకోండి.

వెలుతురుకు మాత్రం వంక పెట్టలేను. కెమెరాతో వచ్చిన జూమ్ లెన్స్‌ను ఇదే 50 ఎంఎం దగ్గర పెడితే ఎఫ్ 5.6 కంటే తెరుచుకోదు, ఇది అంతకు తొమ్మిది రెట్లకు పైనే వెలుతురు లోపలికి రానిస్తుంది. కరెంటు పోయినా కిటికీ ఒక్కటి చాలు. కాకపోతే 1.8లో ఒక కన్ను స్పష్టంగా వస్తే రెండోది మసక, పిల్లలేమో కుదురుగా ఉండరు కదా, అందుకే 2.8 దగ్గర పెట్టి షట్టర్ వేగం సెకనులో 250వ వంతుకు తగ్గనివ్వను.

ఆరేళ్ల ఫొటోల్లో నేను ఎక్కడా లేను. స్టీలు బిందె మీద వంకర్లు పోయిన నా ముఖం ఒకచోట ఉంది, అంతే. వీధిలో అందరికీ నేను పాప వాళ్లమ్మని. ఒక ఆదివారం కొండారెడ్డి బురుజు దగ్గర ఎవరో ఆవిడ వచ్చి "స్టూడియోనా అక్కా, బర్త్‌డేకి ఎంత తీసుకుంటారు?" అంది. వీళ్లు నా పిల్లలేనని చెప్పబుద్ధి కాలేదు, ఎంత బాగుండిందో ఆ నిమిషం! అంతలో మావాడు "అమ్మా, ఒంటికి" అని నా చున్నీ పట్టుకుని లాగాడు.

నేను తీసినవాటిలో బెస్ట్ ఫొటో పాప సైకిల్ మీంచి పడి ఏడుస్తున్నది. రెప్ప మీద నీటిచుక్క విడిగా కనిపిస్తుంది, వెనక గోడంతా మెత్తగా కరిగిపోయి ఉంటుంది. దాన్నే వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను, బంధువులంతా తెగ మెచ్చుకున్నారు. ఇప్పుడు పాపకు తొమ్మిదేళ్లు, కెమెరా ఎత్తితే చెయ్యి అడ్డం పెడుతుంది. మొన్న ఆ ఫొటో చూసి "నేను ఏడుస్తుంటే నువ్వేం చేస్తున్నావమ్మా?" అంది.

ఫోకస్ కంటి మీదికి తెచ్చుకుంటున్నా. ఆ మాట పైకి అనలేదు.

డిలీట్ చెయ్యమంది. దాని ముందే కార్డులోంచి తీసేశాను. హార్డ్ డిస్క్‌లో ఇంకా ఉంది.