కాల్షియం డబ్బా ముందు 1000 అని ఉంటే నమ్మకండి, వెనక్కి తిప్పి చదవండి

బరువు తగ్గడానికి కడుపుకి చేసే ఆపరేషన్లు, బైపాస్ గానీ స్లీవ్ గానీ చేయించుకున్నవాళ్లు ఎవరైనా సరే, "బేరియాట్రిక్ స్పెషల్" అని ఆన్‌లైన్‌లో అమ్మే ఆ కాల్షియం బిళ్లలు వాడుతుంటే ముందు లేచెళ్లి డబ్బా చేతిలోకి తీసుకోండి. ఏ డబ్బానో మీకు తెలుసు, మనలో సగం మంది కొనేది అదే.

నాకు బైపాస్ అయి మూడేళ్లు. బరువు తగ్గింది, షుగర్ కంట్రోల్‌కి వచ్చింది, రోజుకి రెండు బిళ్లలు ఒక్క పూట కూడా మానకుండా వేసుకున్నా. ముందు వైపు ఇంత లావు అక్షరాలతో కాల్షియం సిట్రేట్ 1000 మి.గ్రా. అని ఉంది, మనకి రోజుకి కావల్సింది 1200 నుంచి 1500, రెండు వేస్తే 2000 కదా అని ధైర్యంగా ఉన్నా.

పోయిన వారం ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్‌లో తుంటి దగ్గర టీ స్కోర్ మైనస్ 2.6 వచ్చింది. ఎముక గుల్లబారిందమ్మా, ఏం వాడుతున్నావో తీసుకురా అన్నారు డాక్టరు గారు. నిన్న తీసుకెళ్తే ఆవిడ డబ్బా వెనక్కి తిప్పి, అక్కడ అంటించిన ఆఫర్ స్టిక్కర్‌ని గోటితో గీకారు. అది సగం చిరిగి, కింద సన్నటి అక్షరాల్లో ఉన్న లైను బయటపడింది. ఒక్కో బిళ్లకి ఎలిమెంటల్ కాల్షియం 210 మి.గ్రా. అంటే 1000 అనేది సిట్రేట్ మొత్తం బరువంట, అందులో అసలు కాల్షియం 21 శాతమే. మూడేళ్లుగా నేను రోజుకి తీసుకుంటోంది 420.

ఇంటికొచ్చి అమ్మినవాళ్లకి ఫోటో పెట్టా. "లేబుల్‌లో ఉన్నది కరెక్టే మేడమ్, కస్టమర్ చదువుకుని కొనాలి" అని జవాబు. అదే చాట్‌లో కాస్త పైకి జరిపితే, మొదటిసారి కొనేముందు నేను అడిగిన ప్రశ్న ఇంకా ఉంది, బైపాస్ అయినవాళ్లకి రోజుకి రెండు సరిపోతాయా అని. దానికింద వాళ్ల జవాబు, "సరిపోతాయి మేడమ్, మీలాంటివాళ్ల కోసమే తయారుచేశాం." ఆ రెండూ ఒకే స్క్రీన్ మీద చూసేసరికి చేతులు వణికాయి. దాన్ని కూడా స్క్రీన్‌షాట్ తీసి పంపా, చూశారు, చాట్ క్లోజ్ చేసేశారు.

తప్పు నాదీ ఉంది. రక్తంలో కాల్షియం ప్రతిసారీ నార్మలే వస్తోంది కదా అని పీటీహెచ్ టెస్టు చేయించలేదు, రెండేళ్లకి చేయించాల్సిన స్కాన్ వాయిదా వేశా. ఒంట్లోకి సరిపడా చేరకపోతే ఆ పీటీహెచ్ హార్మోన్ పెరిగి, ఎముకల్లోంచి కాల్షియం లాగి రక్తంలో లెక్క సరిచేస్తుందంట, అందుకే రిపోర్టు బాగుంటుంది, ఎముక మాత్రం కరుగుతూ ఉంటుంది. ఇది నాకు ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండేది. అంత బరువు తగ్గితే అన్నీ సరిగ్గా వాడినా ఎముక కొంత పలచబడుతుంది, పైగా నాకు నెలసరి కూడా ఆగిపోయింది, నెపమంతా బిళ్లల మీదే వెయ్యలేం అన్నారు డాక్టరు గారు. సరే, కానీ రోజూ వెయ్యి మిల్లీగ్రాముల దాకా తక్కువ పడిందిగా!

సిట్రేట్ రకం మంచిదే, కడుపులో యాసిడ్ తక్కువున్నా ఒంటికి పడుతుంది. మీరు చూడాల్సింది ఎలిమెంటల్ అన్న లైను, ఎన్ని బిళ్లలకి ఆ లెక్క రాశారో అది. ఒక్కసారికి 500, 600 మించి వేసుకోకండి, ఐరన్ బిళ్లకీ దీనికీ రెండు గంటలు ఎడం ఉంచండి. విటమిన్ డి, పీటీహెచ్ చూపించుకోండి. ఇంకోటి, ఎముకలకి వారానికొకటి వేసుకునే బిళ్లలుంటాయి, బైపాస్ అయినవాళ్లకి కుట్టు దగ్గర పుండు పడొచ్చని నాకు వాటి బదులు ఇంజెక్షన్ రాశారు, కాబట్టి ఏ డాక్టరు దగ్గరికెళ్లినా సర్జరీ సంగతి ముందే చెప్పండి.

సీలు తియ్యని డబ్బాలు ఇంకా రెండున్నాయి, వెనక్కి తీసుకోరట. రెండిటికీ సరిగ్గా ఆ లైను మీదే స్టిక్కర్ ఉంది.